ఎడమచేతి పిక్ కోసం: చేత్తో పిక్‌లు చేసే ఒకాయనతో నా అనుభవం

నాది ఎడమచేతివాటం. పన్నెండేళ్లుగా ఎకూస్టిక్ గిటార్ వాయిస్తున్నాను. తీగలను తిరగేసి కట్టిన ఎడమచేతి గిటార్ మీదే మొదటి నుంచీ నేర్చుకున్నాను. ఆ గిటార్‌ను మీటడానికి వేళ్ల మధ్య పట్టుకునే చిన్న పలక, అంటే పిక్, సరైనది దొరకక నేను పడిన ఇబ్బందిని, ఒక్కరే కూర్చొని చేత్తో పిక్‌లు తయారుచేసే ఒకాయన దాన్ని తీర్చిన తీరును, ఆ మధ్యలో జరిగిన ఒక పొరపాటును ఆయన సరిదిద్దిన పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఆయన అనుమతి అడగలేదు కనుక పేరు చెప్పడం లేదు.

ముందు ఆ ఇబ్బంది ఏమిటో చెప్పాలి. ఎకూస్టిక్ గిటార్ 6 తీగల్లో సాధారణంగా 4 తీగలకు పైన సన్నటి లోహపు తీగ చుట్టి ఉంటుంది. నేను వాడే 12-53 సెట్‌లో (తీగల మందం అంగుళంలో 12 వేయో వంతుల నుంచి 53 వేయో వంతుల వరకు) ఆ చుట్టు ఫాస్ఫర్ బ్రాంజ్ అనే ఒకరకం కంచుది. పిక్ ఆ చుట్ల మీద జారుతున్నప్పుడు కొన్నిసార్లు స్వరానికి ముందే సన్నటి కీచు వినిపిస్తుంది. పిక్‌ను తీగకు పూర్తిగా చదునుగా పట్టుకుంటే ఆ చప్పుడు తగ్గుతుంది కాని, పిక్ తీగకు అడ్డం పడి ప్రతి మీటుకూ చెయ్యి ఆగిపోతుంది. అందుకే చాలామంది పిక్‌ను కొంచెం ఏటవాలుగా పట్టుకుంటారు. అలా పట్టుకుంటే పిక్ తీగ మీది నుంచి తేలికగా జారిపోతుంది, వేగం వస్తుంది, నాదం కూడా గుండ్రంగా ఉంటుంది. అయితే ఆ ఏటవాలులో పిక్ అంచు తీగ చుట్ల మీద రాసుకుంటూ పోతుంది కనుక, అంచు నునుపుగా, చేతికి తగిన వాలులో ఉంటేనే రాపిడి వినపడకుండా పోతుంది. అచ్చుతో కోసిన కొత్త పిక్‌ల అంచు చాలావరకు నిట్టనిలువుగా ఉంటుంది.

నా దగ్గర నాలుగేళ్లుగా వాడుతున్న ఒక పిక్ ఉండేది, సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌తో చేసినది. గోధుమరంగు మీద తేనెరంగు మచ్చలు, 351 అనే మామూలు ఆకారం (గుండ్రటి మూలల త్రికోణం), మీడియం మందం. దాని మీద అచ్చువేసిన అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. ఆ పిక్‌తో కీచు అనేదే లేదు. అరిగి అరిగి అది చిన్నదైపోయి, వాయిస్తుంటే బొటనవేలి గోరు తీగకు తగలడం మొదలైనప్పుడు అదే రకం కొత్తది తెచ్చుకున్నాను. కొత్తదానితో మొదటి మీటులోనే కీచు వినిపించింది. రకం ఒకటే, మందం ఒకటే, ఆకారం ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుందో నాకు వెంటనే అర్థం కాలేదు.

తరువాతి కొన్ని నెలలు దొరికిన ప్రతి పిక్‌నూ వాయించి చూశాను. డన్‌లప్ సంస్థ 1981లో తెచ్చిన టార్టెక్స్ రకంలో పసుపుది అంటే 0.73 మిల్లీమీటర్లది, ఆకుపచ్చది అంటే 0.88ది, నీలిది అంటే 1 మిల్లీమీటరుది వరుసగా వాడాను. రంగును బట్టి మందం గుర్తుపట్టే ఆ ఏర్పాటు నాకెంతో ఇష్టం. మసక వెలుతురులో కూడా కావలసిన పిక్ చేతికి వస్తుంది. చెమట పట్టిన వేళ్లలో కూడా వాటి పొడి ఉపరితలం జారదు. అయినా వాటితో నా గిటార్ నాదం పలచబడినట్టు అనిపించింది, కీచు పూర్తిగా పోలేదు. నైలాన్‌ది మెత్తగా పలికింది కాని మీటుకు స్పష్టత పోయింది. జాజ్ 3 అనే చిన్న పిక్ మొన చక్కగా ఉన్నా, తాళం కోసం తీగలన్నీ కలిపి మీటేటప్పుడు వేళ్లలో ఇమడలేదు. ఇంతలో ఒక పెద్ద అమ్మకందారు దగ్గర తెప్పించిన పిక్‌ల మీద అంచు కోత గరుకుగా ఉందని రాస్తే, నా ప్రశ్నకు సంబంధం లేని ఒకే జవాబు మూడుసార్లు వచ్చింది. వస్తువు లోపం కన్నా, చెప్పింది ఎవరూ చదవలేదన్న సంగతి నన్ను ఎక్కువ బాధించింది. చేత్తో పిక్‌లు చేసేవారి కోసం వెతకడం అప్పుడే మొదలుపెట్టాను.

అలా దొరికిన ఆయనకు నేను రాసిన మొదటి ఉత్తరం చిన్నది. ఎడమచేతివాటం, ఎకూస్టిక్ గిటార్, కీచు సమస్య, కొత్త పిక్ కావాలి అని నాలుగు వాక్యాలు రాసి, ఏది కొనమంటారని అడిగాను. మర్నాడు వచ్చిన జవాబులో కొనడం గురించిన మాటే లేదు, అన్నీ ప్రశ్నలే. తీగల మందం ఎంత, ఎక్కువగా తాళం వాయిస్తారా లేక ఒక్కొక్క స్వరమా, పిక్ మొన బొటనవేలి నుంచి ఎంత బయటికి ఉంచుతారు, వాయిస్తుంటే పిక్ వేళ్లలో తిరిగిపోతుందా, చేతికి చెమట పడుతుందా, ఇంతవరకు వాడినవాటిలో బాగా నచ్చినదేది, అస్సలు నచ్చనిదేది, ఎందుకు నచ్చలేదు. చివరి ప్రశ్న నన్ను ఆశ్చర్యపరిచింది: "ఆ పాత పిక్‌ను పారేయలేదు కదా? పారేయకపోతే దాని రెండు వైపులా గళ్ల కాగితం మీద పెట్టి, పక్క నుంచి వెలుతురు పడేలా ఫోటో తీసి పంపండి. మీరు చెప్పేదానికన్నా మీ పాత పిక్ నాకు ఎక్కువ చెబుతుంది."

ఆ మాటకు అర్థం ఆయన తరువాతి ఉత్తరంలో వివరించారు. నాలుగేళ్లు వాడిన పిక్ ఆ మనిషి చేతికి తగినట్టు తనంతట తానే అరుగుతుంది. మొన ఎంత గుండ్రబడింది, అంచు ఏ కోణంలో వాలింది, ఆ వాలు మొన నుంచి ఎంత దూరం పాకింది అన్నవి చూస్తే, ఆ చెయ్యి పిక్‌ను ఎలా పడుతుందో, ఎంత లోతుగా మీటుతుందో తెలిసిపోతుందట. నా కొత్త పిక్ కీచుమనడానికి కారణం కూడా అక్కడే ఉంది: పాత పిక్‌లోని మేలు సెల్యులాయిడ్‌లో లేదు, నాలుగేళ్ల అరుగుదలలో ఉంది. ఆ అరుగుదలను మొదటి రోజు నుంచే పిక్‌లో పెట్టి ఇవ్వడమే తన పని అని ఆయన రాశారు. అప్పటికే ఎన్నో ఏళ్లుగా పిక్‌లు వాడుతున్న నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, నేనూ గమనించలేదు.

ఫోటోలు తీయడం అనుకున్నంత సులువు కాలేదు. అరుగుదల సన్నటి మెరుపుగా మాత్రమే కనిపిస్తుంది. వెలుతురు పై నుంచి పడితే అది మాయమవుతుంది. గళ్ల కాగితాన్ని ఒక పుస్తకానికి ఆనించి నిలబెట్టి, పిక్‌ను దానికి అంటించి, ఫోన్‌ను ఎదురుగా స్టాండులో పెట్టి, ఒక చేత్తో బల్లదీపాన్ని పక్క నుంచి కదుపుతూ, మెరుపు సరిగ్గా పడిన చోట రెండో చేత్తో ఫోటో తీశాను. దీపం కదుపుతున్నప్పుడు తెర నావైపు కనబడాలి కనుక ఫోన్ ముందువైపు కెమెరా వాడాను. ఈ చిన్న వివరాన్ని ఇక్కడ రాయడానికి కారణం ఉంది.

పదార్థం ఏది ఎంచుకోవాలన్న చర్చ నాలుగైదు ఉత్తరాలు సాగింది. నా వరకు ఈ భాగమే అన్నిటికన్నా విలువైనది. ఆయన ఏ పదార్థాన్నీ గొప్ప చేసి చెప్పలేదు, దేనికి ఏ లోపం ఉందో ముందు చెప్పారు. సెల్యులాయిడ్ పేటెంటు జాన్ వెస్లీ హయత్, ఆయన సోదరుడు 1870లో పొందారు. బిలియర్డ్ బంతులకు దంతం బదులు వాడదగిన పదార్థం కోసం వెతకడంలో అది పుట్టింది. తరువాత 1920లలో న్యూయార్క్‌లో లుయిజీ డాండ్రియా దానితో పిక్‌లు చేయడం మొదలుపెట్టారు. నా పాత పిక్ ఆకారానికి ఉన్న 351 అనే సంఖ్య డాండ్రియా వారి పట్టికలోదే. సెల్యులాయిడ్ నాదం వెచ్చగా ఉంటుంది కాని త్వరగా అరుగుతుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. దాని తయారీలో కర్పూరం కలుపుతారు. నమ్మకం కుదరక నా దగ్గరున్న కొత్త సెల్యులాయిడ్ పిక్ అంచును ఉప్పుకాగితం మీద నాలుగుసార్లు రుద్ది వాసన చూశాను. నిజంగానే కర్పూరం వాసన సన్నగా వచ్చింది. ఇన్నేళ్లూ వేళ్ల మధ్య ఉన్న వస్తువులో ఆ వాసన ఉందని తెలియకపోవడం నాకు వింతగా తోచింది.

తాబేటిచిప్పతో చేసిన పిక్‌లు శ్రేష్ఠమని పాతతరం వాద్యకారులు అనేవారని చదివి, దాని గురించి కూడా ఒక మాట అడిగాను. ఆయన జవాబు మర్యాదగా ఉన్నా దృఢంగా ఉంది. ఆ చిప్ప హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేలుది. దానికోసం ఆ జాతిని అంతరించిపోయే స్థితికి తెచ్చారు. 1973లో కుదిరి 1975లో అమలులోకి వచ్చిన, అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కింద దాని అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం. ఎవరైనా ఆ చిప్పతో చేసిన పాత దువ్వెనలు, పెట్టెలు పంపి పిక్‌లు కోసిమ్మన్నా తాను ముట్టుకోనని చెప్పి, ఆ నాదానికి బాగా దగ్గరగా వచ్చేది కేసీన్ అని సూచించారు. కేసీన్ పాలలోని మాంసకృత్తుతో చేసిన గట్టి పదార్థం. ఒకప్పుడు గుండీలకు, కలం గొట్టాలకు విరివిగా వాడేవారు. దాని లోపం నీరు: తేమను పీల్చుకొని వంగిపోతుంది. చెమట ఎక్కువగా పట్టేవారికి తాను దాన్ని ఇవ్వనని ఆయన రాశారు. అరచేతి చెమట గురించి మొదటి ఉత్తరంలో ఎందుకు అడిగారో నాకు అప్పుడు తెలిసింది.

చివరికి కేసీన్, 1.4 మిల్లీమీటర్ల మందం, 351 కన్నా కాస్త వెడల్పైన మూడు మొనల త్రికోణం అని నిర్ణయించుకున్నాం. అంత మందం నాకెప్పుడూ అలవాటు లేదు కనుక భయపడ్డాను. మందపాటి పిక్ వంగదు కనుక తీగే వంగుతుందని, అంచు సరిగా ఉంటే మందం చేతికి బరువనిపించదని, నచ్చకపోతే తిరిగి పంపవచ్చని ఆయన ధైర్యం చెప్పారు.

మూడు వారాలకు కవరు వచ్చింది. రెండు అట్టముక్కల మధ్య, పలచటి కాగితంలో చుట్టిన పిక్. దానితోపాటు చేత్తో రాసిన చీటీ. చీటీ మీద మూడు మొనల దగ్గరా కొలిచిన మందాలు విడివిడిగా ఉన్నాయి: 1.38, 1.40, 1.41. నా దగ్గరున్న వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి చూస్తే అవే వచ్చాయి. పిక్ ముదురు తేనెరంగులో ఉంది. వెలుతురుకు అడ్డం పెడితే లోపల సన్నని మేఘంలాంటి చారలు కనిపించాయి. మూడు అంచులూ అద్దంలా మెరుస్తున్నాయి. వేలితో తడిమితే పదును ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియలేదు.

గిటార్ తీసి వాయించాను. సన్న తీగల మీద నాదం నిండుగా, ఎన్నడూ వినని గుండ్రదనంతో పలికింది. మందం గురించిన నా భయం ఒక నిమిషంలో పోయింది. ఆ తరువాత చుట్టు తీగల మీదికి వచ్చాను. కీచు వినిపించింది. పాత కొత్త పిక్‌లన్నిటికన్నా కొంచెం ఎక్కువగానే వినిపించింది.

ఇంత శ్రమపడి చేసిన మనిషికి వెంటనే ఫిర్యాదు రాయడానికి మనసొప్పలేదు. లోపం నా చేతిలోనే ఉందేమోనని నాలుగు రోజులు వాయించాను. మొన మార్చి చూశాను, పిక్‌ను తిరగేసి పట్టుకొని చూశాను, ఏ తేడా లేదు. ఐదో రోజున ఒక ప్రయోగం చేశాను: ఎప్పుడూ ఒకవైపు వంచి పట్టుకునే పిక్‌ను బలవంతంగా రెండోవైపు వంచి మీటాను. కీచు మాయమైంది. మణికట్టు అసహజంగా వంగి రెండు నిమిషాల్లో నొప్పి పుట్టింది కాని, సంగతి మాత్రం తేలింది: పిక్ అంచు వాలు నా చేతికి ఎదురు దిశలో ఉంది. పాత పిక్‌తో, కొత్త పిక్‌తో, రెండు వంపుల్లోనూ ఒకే చిన్న వరుసను వాయించి రికార్డు చేసి, ఫోన్‌ను కదల్చకుండా ఒకే చోట ఉంచి తీశానని చెబుతూ ఆయనకు పంపాను.

అదే రోజు రాత్రి జవాబు వచ్చింది. మొదటి వాక్యం ఇది: "మీ చెవి సరిగ్గానే వింది, మీ చేతిలో ఏ తప్పూ లేదు." రెండో వాక్యంలో, ఎలా జరిగిందో తరువాత తేల్చుకుందాం కాని కొత్త పిక్ పని రేపే మొదలుపెడుతున్నానని, దానికి డబ్బు తీసుకోనని, తపాలా ఖర్చు కూడా తనదేనని రాశారు. నేను అవేవీ అడగలేదు. అడగవలసిన అవసరం రాకముందే చెప్పేశారు. అమ్మకందారులతో ఇన్నేళ్ల నా వ్యవహారాల్లో ఈ వరుసలో జవాబు రావడం అదే మొదలు: ముందు నమ్మడం, తరువాత సరిదిద్దడం, ఆ తరువాతే విచారణ.

పిక్‌ను తిరగేసి పట్టుకున్నా ఎందుకు మారలేదన్న నా ప్రశ్నకు ఆయన ఇచ్చిన వివరణను నా మాటల్లో చెబుతాను. ఏటవాలుగా పట్టిన పిక్ కిందికి మీటేటప్పుడు ఒక ముఖం తాలూకు ఒక అంచు తీగకు తగులుతుంది. పైకి మీటేటప్పుడు రెండో ముఖం తాలూకు ఎదుటి అంచు తగులుతుంది. అందువల్ల మొనను కిందికి ఉంచి ఒక ముఖాన్ని చూస్తే అరుగుదల ఏ పక్క కనిపిస్తుందో, పిక్‌ను తిప్పి రెండో ముఖం చూసినా అదే పక్క కనిపిస్తుంది. మరమేకును ఏ చివర నుంచి చూసినా దాని మర తిరిగే దిశ మారనట్టే ఇది కూడా. కుడివాటపు మరను తిరగేసి ఎడమవాటం చేయలేం. అలాగే కుడివాటపు వాలు పెట్టిన పిక్‌ను ఎన్నిసార్లు తిప్పినా అది కుడివాటంగానే ఉంటుంది. ఇది చదివాక పాత పిక్‌ను తీసి దీపం దగ్గర అటూ ఇటూ తిప్పి చూశాను. మెరుపు ప్రతిసారీ ఒకే పక్క, నా ఎడమచేతికి తగిన పక్కనే కనిపించింది.

మరి అంత స్పష్టంగా ఫోటోలో కనిపించే అరుగుదలను ఆయన ఎలా పొరబడ్డారు? దానికి ఆయనే ఒక పరీక్ష చెప్పారు. మొదటిసారి ఎలా ఫోటో తీశారో అచ్చం అలాగే మళ్లీ తీయండి, అయితే ఈసారి పిక్ పక్కన కాగితం మీద ఏదైనా ఒక అక్షరం రాయండి అన్నారు. నేను పిక్ పక్కన 'క' అని రాసి, అదే పుస్తకం, అదే స్టాండు, అదే ముందువైపు కెమెరాతో ఫోటో తీశాను. ఫోటోలో అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. నా ఫోన్ ముందువైపు కెమెరా చిత్రాన్ని కుడిఎడమలు మార్చి భద్రపరుస్తుందన్న సంగతి నాకు తెలియదు. గళ్ల కాగితానికి కుడిఎడమల తేడా ఉండదు, పిక్ మీది అక్షరాలు చెరిగిపోయాయి. మొదటి ఫోటోలను చూసి ఆ సంగతి కనిపెట్టే ఆధారం ఎవరికీ లేదు.

తప్పు నాదేనని, రెండో పిక్‌కు డబ్బు తీసుకోవలసిందేనని రాశాను. ఆయన ఒప్పుకోలేదు. ఆయన వాదన ఇలా ఉంది. నేను మొదటి ఉత్తరంలోనే ఎడమచేతివాటమని చెప్పాను. ఫోటోలోని అరుగుదల మాత్రం సాధారణంగా కుడిచేతివారి పిక్‌ల మీద కనిపించేలా ఉంది. అయితే అందరూ పిక్‌ను ఒకే వైపు వంచరు. జాజ్ గిటారిస్టు జార్జ్ బెన్సన్ వంటివారు కుడిచేతితోనే వాయిస్తూ పిక్‌ను అందరికీ ఎదురు దిశలో వంచి పట్టుకుంటారు. ఎడమచేతివారిలో ఎవరైనా అలా పట్టుకుంటే వారి పిక్ మామూలు కుడిచేతివారి పిక్ లాగే అరుగుతుంది. నేను అటువంటి మనిషినై ఉంటానని ఆయన ఊహించారు. ఆ మాట ఆయన నేరుగా ఇలా రాశారు: "మీ మాట ఒకటి చెబుతోంది, ఫోటో ఇంకొకటి చెబుతోంది. రెండూ పొసగనప్పుడు మిమ్మల్ని ఒక్క మాట అడగాల్సింది. అడగకుండా ఊహించాను. ఫోటో తిరగబడటం మీ పొరపాటే కావచ్చు, ఊహించడం మాత్రం నాది." ఈ వాక్యాలను నేను చాలాసార్లు చదువుకున్నాను. తన పనిలోని లోపాన్ని అంత కచ్చితంగా, అవసరమైనదానికన్నా ఎక్కువా తక్కువా కాకుండా చెప్పగలిగిన మనిషి మీద గౌరవం పెరగకుండా ఎలా ఉంటుంది?

మొదటి పిక్‌ను తిరిగి పంపనా అని అడిగితే, అక్కర్లేదు, దాని మీద మెరుగుపెట్టడం నేర్చుకోండి అన్నారు. కేసీన్ తడిని ఓర్చుకోదు కనుక పొడిగానే చేయాలని, 600 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 1000, 2000 మీదుగా వెళ్లి, చివర పాత జీన్స్ గుడ్డ మీద రుద్దాలని, ఒకే చోట గట్టిగా రుద్దితే వేడెక్కి అంచు పాడవుతుందని దశలవారీగా రాశారు. ఒక మధ్యాహ్నం కూర్చొని మూడు మొనల్లో ఒకదాని వాలును నా చేతికి తగినట్టు మార్చడానికి ప్రయత్నించాను. 600 కాగితం మీద అంచు మొదట తెల్లగా, సుద్ద పూసినట్టు మారింది. కాలిన పాల వాసన లీలగా వచ్చింది. 1000తో ఆ తెలుపు పలచబడింది. 2000 తరువాత అంచు మసకగా మెరిసింది. గుడ్డ మీద నాలుగు వందలసార్లు రుద్దాక లోపలి తేనెరంగు మళ్లీ పైకి తేలింది. గంటన్నర పట్టింది. ఒక్క మొనకే అంత సమయం పడితే, మూడు మొనలకు ఆరు అంచులు చేసే మనిషి ఒక పిక్ మీద ఎంతసేపు కూర్చుంటాడో నాకు చేతివేళ్లతో తెలిసింది. నేను చేసిన అంచు ఆయన అంచంత సమంగా రాలేదు కాని, కీచు సగానికి తగ్గింది.

రెండో పిక్ పన్నెండు రోజుల్లో వచ్చింది. ఈసారి చీటీ మీద మందాలతోపాటు ఒక చిన్న బొమ్మ గీసి, బొటనవేలు ఏ ముఖం మీద ఉంచినా సరేనని, వాలు ఎటు ఉందో బాణం గుర్తుతో చూపించారు. పిక్ మీద, వేళ్లు పట్టుకునే చోట, గోటికి తగిలేంత లోతులో ఒక చిన్న గీత చెక్కి ఉంది. ఎడమవాటానికి గుర్తుగా అది పెట్టానని, ఇకపై ఎడమవాటపు పిక్‌లన్నిటికీ పెడతానని రాశారు.

చుట్టు తీగల మీద మొదటి మీటులో కీచు లేదు. నెమ్మదిగా వాయించాను, వేగంగా వాయించాను, అన్నిటికన్నా లావైన తీగ మీద మొనను లోతుగా దింపి మీటాను. తీగ పలికింది తప్ప పిక్ పలకలేదు. పాత సెల్యులాయిడ్ పిక్‌తో నాలుగేళ్లకు కుదిరిన పొందిక దీనితో మొదటి రోజే కుదిరింది; పైగా దీని నాదం దానికన్నా నిండుగా ఉంది. ఒక్క తేడా మాత్రం ఇప్పటికీ ఉంది: గట్టిగా తాళం వాయించేటప్పుడు 1.4 మిల్లీమీటర్ల పిక్ వంగదు కనుక, నా పట్టు కొంచెం సడలించుకోవలసి వస్తుంది. అది నేను నేర్చుకోవలసిన విషయం. ఆయన దాన్ని కూడా ముందే చెప్పారు.

ఆ పిక్ వాడుతూ ఇప్పటికి పద్నాలుగు నెలలైంది. వర్షాకాలంలో అంచు ఒకచోట లేశంగా వంగినట్టు అనిపించి రాస్తే, రెండు చదునైన అట్టల మధ్య ఒక రోజంతా బరువు కింద ఉంచమన్నారు. అలా ఉంచితే సరైంది. కొన్న తరువాత ఏడాదికి అడిగిన ఆ ప్రశ్నకు కూడా ఆయన మొదటి ఉత్తరంలో చూపినంత శ్రద్ధతోనే జవాబిచ్చారు.

మొన్న, నాతో కలిసి వాయించే మిత్రురాలు ఒకరు నా పిక్ చూసి తనకూ కావాలంటే ఆయన చిరునామా ఇచ్చాను. ఆమెకు వచ్చిన ప్రశ్నల ఉత్తరాన్ని నాకు చూపించింది. తీగల మందం, మొన పొడవు, చెమట, పాత పిక్ ఫోటో, అన్నీ నన్ను అడిగినవే. ఫోటో గురించిన వాక్యం చివర మాత్రం, నా ఉత్తరంలో లేని ఒక మాట చేరింది: "పిక్ పక్కన కాగితం మీద మీ పేరు రాసి ఫోటో తీయండి."